అప్పు తీర్చబోతే... బీమా బయటపడింది

సంక్రాంతి వెళ్లిన సోమవారం. కాకినాడలో ఒక బ్యాంకు రుణాల విభాగం. మేడమీద ఇరుకు గదిలో మా బావమరిది, నేను, మా ఇద్దరి మధ్య అత్తయ్య. ఆవిడ ఒళ్లో కాజాల డబ్బా. కొడుకు కారు అప్పు తీరిపోవడం కళ్లారా చూసి, ఆఫీసులో అందరికీ తలో కాజా పెట్టి రావాలని ఆవిడ ముచ్చటపడింది. రెండున్నరేళ్లుగా నెలనెలా కడుతున్న చీటీని డిసెంబరులో పాడుకుంటే 5,20,000 రూపాయలు చేతికొచ్చాయి. ‘వాడి నెత్తిన అప్పు పెట్టుకుని నాకు గాజులెందుకు’ అని మొత్తం కొడుకు ఖాతాలో వేయించింది.

మావాడు మెడికల్ రిప్రజెంటేటివ్. తుని నుంచి అమలాపురం దాకా తిరగాలి. 2023 సంక్రాంతికి కారు కొన్నాడు. ఏడేళ్ల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ. ముప్పై ఆరు వాయిదాలు ఒక్కటీ తప్పకుండా కట్టాడు. ఇంకా అయిదు లక్షలకు కాస్త తక్కువే ఉంటుందని ఇంట్లో లెక్క వేసుకుని వచ్చాం.

కౌంటర్లో కుర్రాడు ప్రింటు తీసి ముందు పెట్టాడు. మిగిలిన అసలు 5,20,443. గడువుకు ముందే తీర్చేస్తున్నందుకు అయిదు శాతం రుసుము 26,022. దాని మీద జీఎస్టీ 4,684. ఆ నెలలో పద్నాలుగు రోజుల వడ్డీ 1,896. మొత్తం 5,53,045.

‘అసలే అయిదు లక్షలు దాటిందేంటి? నేను తీసుకున్నది 7,68,000 కదా’ అన్నాడు మావాడు.

‘కాదు సార్, 8,00,000. వాహనానికి 7,68,000, లోన్ కవర్‌కి 32,000. ఇన్సూరెన్స్ సార్. ఇదిగో, మీ సంతకం.’

సంతకం మావాడిదే. తేదీ కారు డెలివరీకి ముందు రోజుది.

అత్తయ్య అప్పటిదాకా మాట్లాడలేదు. ఆ కాగితం వైపే చూస్తూ నెమ్మదిగా అడిగింది. ‘బీమా ఉందని మాకెవరికీ తెలీదు కద బాబూ. జరగరానిది ఏదన్నా జరిగుంటే ఆ కాయితం మేం ఎవరికి చూపించాలి?’

ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. నేను ఈ కథనం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

షోరూములో ఆ సాయంత్రం

కారు కొన్న రోజు గుర్తు చేసుకోండి. బానెట్ మీద దండ, చక్రాల కింద నిమ్మకాయలు, ఫొటోలకు తొందరపడే పిల్లలు. పక్క బల్ల దగ్గర లోన్ ఎగ్జిక్యూటివ్ ఒక కట్ట కాగితాలు తిప్పుతూ పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెడుతుంటాడు. ‘సార్, ఇక్కడొకటి... ఇక్కడొకటి.’ ముప్పై, నలభై సంతకాలు. ఏ కాగితం దేనికని అడిగితే ‘అన్నీ ఫార్మాలిటీసే సార్’ అంటాడు. గట్టిగా అడిగినవాళ్లకు ఇంకో మాట చెబుతాడు: ‘కవర్ లేకపోతే ఫైల్ పాస్ కాదు.’

ఈ రెండో మాట నిజం కాదు. బీమా కొనడం పూర్తిగా ఖాతాదారు ఇష్టమని, రుణానికీ దానికీ ముడిపెట్టకూడదని రిజర్వు బ్యాంకు నిబంధనలు బ్యాంకులకూ, ఫైనాన్స్ కంపెనీలకూ కూడా స్పష్టంగా చెబుతున్నాయి. ఆ మాట కాగితంలోనూ ఉంటుంది, చిన్న అక్షరాల్లో. డెలివరీ ముందు రోజు సాయంత్రం, ముహూర్తం మించిపోతోందన్న హడావుడిలో ఆ అక్షరాలు చదివే మనిషిని నేనింతవరకూ చూడలేదు.

బ్యాంకు, డీలరు, ఏజెంటు, ఎవరి ద్వారా పాలసీ అమ్ముడైనా వాళ్లకు కమీషన్ వస్తుంది. టార్గెట్లుంటాయి. ఆ ఎగ్జిక్యూటివ్ కూడా నెలాఖరుకు ఇన్ని ఫైళ్లకు కవర్ పెట్టించానని పైవాళ్లకు చూపించుకోవలసిన చిన్న ఉద్యోగే. తప్పు అతనొక్కడి మీదే వేసి ఊరుకుంటే ఈ పద్ధతి మారదు.

రెండు బీమాలు, ఒకటే పేరు

జనం మోసపోయేది ఇక్కడే. కారు కాగితాల్లో ‘ఇన్సూరెన్స్’ అని కనిపించగానే కారుకు చేయించిన బీమా అనుకుంటాం. మావాడూ అలాగే అనుకున్నాడు. వాహన బీమా వేరు, అప్పుకు చేయించే బీమా వేరు. మొదటిది బండి ఎవరినైనా గుద్దినా, బండికే దెబ్బ తగిలినా ఆదుకునేది. రెండోది అప్పు తీసుకున్న మనిషి చనిపోతే మిగిలిన బాకీని బ్యాంకుకు చెల్లించేది. దీన్ని క్రెడిట్ లైఫ్ అంటారు. ఒక్కో సంస్థ ఒక్కో తియ్యటి పేరు పెట్టుకుంటుంది. కొన్నిటికి ప్రమాద బీమా, తీవ్ర వ్యాధుల బీమా కూడా తోక కడతారు.

> ఆన్‌రోడ్ ధరలో ఏది తప్పనిసరి?
>
> థర్డ్ పార్టీ బీమా: మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పదు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్లకు ఒకేసారి కట్టాలి.
>
> సొంత బండికి జరిగే నష్టానికి బీమా: చట్టం అడగదు. అప్పు మీద కొంటే మాత్రం రుణ ఒప్పందం అడుగుతుంది.
>
> యజమాని-డ్రైవరుకు 15 లక్షల ప్రమాద బీమా: తప్పనిసరి. అంత మొత్తానికి వేరే ప్రమాద పాలసీ ఇప్పటికే ఉంటే మళ్లీ కొనక్కర్లేదు.
>
> క్రెడిట్ లైఫ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, రోడ్‌సైడ్ అసిస్టెన్స్: పూర్తిగా మీ ఇష్టం.
>
> వాహన బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. నచ్చిన కంపెనీ దగ్గర తీసుకుని పాలసీ కాపీ ఇస్తే చాలు.

ప్రీమియం మీద కూడా వడ్డీ

ముప్పై రెండు వేలు జేబులోంచి తీసి కట్టమంటే మావాడు ఆ రోజే పది ప్రశ్నలు వేసేవాడు. జేబులోంచి తీయలేదు. అప్పులో కలిపారు. కలిపినప్పుడు ఏమవుతుందో చూడండి. 7,68,000 అప్పుకు నెల వాయిదా సుమారు 12,552 రూపాయలు. 8,00,000 అయ్యేసరికి 13,075. తేడా 523 రూపాయలు. నెలకు అయిదొందల తేడా ఎవరి కంట పడుతుంది? కానీ 84 నెలలకు అది దాదాపు 43,900 అవుతుంది. ముప్పై రెండు వేల బీమాకు మరో పన్నెండు వేల దాకా వడ్డీ.

అందుకే ఇది ఏళ్ల తరబడి బయటపడదు. వాయిదా కట్టినంత కాలం కనపడకుండా ఉండి, అప్పు ముందుగా తీర్చేద్దామని వెళ్లిన రోజున, అసలు లెక్క తేలే చోట బయటికొస్తుంది. గడువు దాకా కట్టేవాళ్లలో చాలామందికి తెలియకుండానే వెళ్లిపోతుంది.

వాట్సాప్‌లో వచ్చిన కబురు

మావాడు సంక్రాంతి తర్వాత బ్యాంకుకు బయల్దేరడానికి ఇంకో కారణమూ ఉంది. ‘జనవరి 1 నుంచి లోన్ ముందే కట్టేస్తే చార్జీల్లేవు’ అని ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గాక షోరూముల్లో సందడి పెరిగింది. పాత కారు అప్పు తీర్చేసి కొత్తదానికి వెళ్దామనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరికీ ఆ కబురు తీపిగానే ఉంది. అందులో నిజం సగమే.

రిజర్వు బ్యాంకు 2025 జులై 2న ముందస్తు చెల్లింపు రుసుముల మీద కొత్త ఆదేశాలిచ్చింది. 2026 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరైన, లేదా రెన్యువల్ అయిన రుణాలకే అవి వర్తిస్తాయి. వ్యాపారానికి కాక సొంత అవసరాలకు వ్యక్తులు తీసుకున్న చలన వడ్డీ రుణాల మీద, అంటే ఫ్లోటింగ్ రేటు రుణాల మీద రుసుము వేయకూడదు. ఇన్ని నెలలు కడితేనే తీర్చనిస్తామన్న లాకిన్ షరతూ పెట్టకూడదు. బ్యాంకుల విషయంలో ఈ మినహాయింపు 2014 నుంచీ ఉంది. గృహ రుణాలు తీసుకున్నవాళ్లకు అది బాగా తెలుసు.

కారు రుణాల్లో చాలా భాగం స్థిర వడ్డీవి. ఫిక్స్‌డ్ రేటు. వాటి మీద రుసుము వేసుకోవచ్చు. కానీ ఎంత వేస్తారో మంజూరు పత్రంలో, ఒప్పందంలో ముందే చెప్పి ఉండాలి. ముందు చెప్పని రుసుమును తర్వాత అడగకూడదు. మావాడిది 2023 నాటి అప్పు, పైగా ఫిక్స్‌డ్. వాట్సాప్ కబురు ఏ వైపు నుంచీ అతనికి తగల్లేదు. ఒప్పందం తెరిచి చూస్తే అయిదు శాతం రాసే ఉంది.

> రుసుము కట్టి మరీ తీర్చాలా?
>
> మావాడి లెక్కే చూద్దాం. మిగిలిన 48 వాయిదాలూ కడితే 6,27,605. అందులో వడ్డీ సుమారు 1,07,000. ఇప్పుడే తీర్చేస్తే రుసుము, జీఎస్టీ కలిపి 30,706. అంటే ఇంకా 76 వేలకు పైగా మిగులు.
>
> చివరి ఏడాదిలో మాత్రం ఈ లెక్క తిరగబడవచ్చు. వడ్డీ ఎక్కువ భాగం మొదటి ఏళ్లలోనే కట్టేస్తాం. మావాడు మూడేళ్లలో కట్టిన 4.7 లక్షల్లో అసలుకు వెళ్లింది 2.8 లక్షలే. కొద్ది వాయిదాలే మిగిలి ఉంటే ముందుగా రాతపూర్వకంగా ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకుని, మిగిలిన వడ్డీతో రుసుమును పోల్చి చూడండి.

బ్రిటన్‌లో ఏం జరిగింది

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. బ్రిటన్‌లో ఇలాంటి బీమాకు పీపీఐ అని పేరు, పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్. కార్డులకు, కారు అప్పులకు, ఇంటి అప్పులకు అన్నిటికీ తగిలించి అమ్మారు. చాలామందికి తాము కొన్నట్టే తెలియదు. ఒక విధవరాలైన కాలేజీ అధ్యాపకురాలు 2006లో 34,000 పౌండ్ల అప్పు తీసుకుంటే 5,780 పౌండ్ల ప్రీమియం అందులో కలిపారు. పదేళ్ల అప్పుకు అయిదేళ్ల బీమా. ఆ ప్రీమియంలో 71.8 శాతం కమీషన్‌గానే పోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. అంత పెద్ద కమీషన్ దాచడమే అన్యాయమని 2014లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29ని చివరి తేదీగా పెట్టారు. బ్యాంకులు తిరిగి చెల్లించిన మొత్తం 3,800 కోట్ల పౌండ్లు దాటింది. అంతటితో ఆగలేదు. కార్లకు అమ్మే గ్యాప్ ఇన్సూరెన్స్‌లో (వాహన బీమా ఇచ్చే మొత్తానికీ, కారు ధరకో అప్పుకో మధ్య తేడాను పూడ్చేది) వసూలైన ప్రీమియంలో ఆరు శాతమే క్లెయిములకు వెళ్తోందని, కొన్నిచోట్ల కమీషనే 70 శాతం దాకా ఉందని అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ 2024లో తేల్చి, చాలా కంపెనీల చేత అమ్మకాలు ఆపించింది. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో పీపీఐ డబ్బు వెనక్కి రాబట్టుకున్నవాళ్లు ఉంటారు. అడిగితే ఆ కథలు చెబుతారు.

మన దేశంలోనూ చూపు మారుతోంది. అడగకుండా బిల్లులో సరుకు చేర్చడాన్ని ‘బాస్కెట్ స్నీకింగ్’ పేరుతో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుడు ఎత్తుగడల జాబితాలో చేర్చింది. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలాంటివి పదమూడింటిని గుర్తించింది. బల్ల దగ్గర పెన్సిల్ గుర్తు పెట్టి చేయించే సంతకానికీ దీనికీ తేడా ఏముందో నాకు తెలియడం లేదు.

అత్తయ్య అడిగిన ప్రశ్న

ఈ బీమా పనికిరానిదని నేననను. ఇంటి పెద్ద హఠాత్తుగా పోయినప్పుడు బాకీ మొత్తం ఆ పాలసీయే తీర్చి, కుటుంబాన్ని వాయిదాల బరువు నుంచి తప్పించవచ్చు. వేరే టర్మ్ పాలసీ లేని మనిషికి ఇది కొంత అండే. కానీ అండ అనేది ఉందని తెలిసినప్పుడే కదా అండ. నామినీగా ఎవరి పేరు రాశారో ఆ మనిషికే పాలసీ సంగతి తెలియకపోతే? దుఃఖంలో ఉన్న ఇల్లాలు బ్యాంకు నుంచి ఫోను వస్తే నగలు కుదువ పెట్టి వాయిదాలు కడుతుంది. బీరువాలోని ఫైల్లో, ఆమె ఎప్పుడూ తెరవని ఇరవయ్యో పేజీలో ఆ బాకీ తీర్చే పాలసీ పడి ఉంటుంది. చెప్పకుండా అమ్మిన బీమా రెండు విధాలా నష్టం. మనిషి బతికి ఉంటే డబ్బు పోతుంది. పోతే హక్కు పోతుంది.

అప్పు ముందే తీరిపోతే ఆ పాలసీ ఏమవుతుంది? చాలామంది అడగని ప్రశ్న ఇది. ఏడేళ్లకు ఒకేసారి ప్రీమియం కట్టేశాం. అప్పు మూడేళ్లకే ముగిసింది. మిగిలిన నాలుగేళ్ల రక్షణకు కట్టిన డబ్బులో కొంత భాగం సరెండర్ విలువగా వెనక్కి వస్తుంది. వద్దనుకుంటే గడువు దాకా పాలసీని కొనసాగించుకునే వీలూ సాధారణంగా ఉంటుంది. ఏ దారైనా అడిగితేనే. రుణ ఖాతా మూసేసినంత మాత్రాన బీమా డబ్బు దానంతట అదే రాదు. అది వేరే కంపెనీ, వేరే దరఖాస్తు. వచ్చేది కూడా రోజుల లెక్కన సరిగ్గా నాలుగేళ్ల వాటా కాదు. అప్పు తగ్గినకొద్దీ రక్షణా తగ్గే పాలసీల్లో ఇంకా తక్కువ వస్తుంది. ఎంత వస్తుందన్నది పాలసీ పత్రంలోని సరెండర్ పట్టికలో ఉంటుంది.

కొత్తగా తీసుకున్నవాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. జీవిత, ఆరోగ్య బీమా పాలసీలు అందిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీలుక్ గడువు ఉంటుంది. వద్దని రాసిస్తే స్వల్ప ఖర్చులు మినహాయించుకుని డబ్బు వెనక్కి ఇవ్వాలి. అందుకే పాలసీ కాపీ మన చేతికి రావడం అంత ముఖ్యం.

ఒక్క పత్రం మీద పట్టుబట్టండి

అప్పు తీసుకునేవాళ్లకు ఇప్పుడు పనికొచ్చే పత్రం ఒకటుంది. కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, కేఎఫ్‌ఎస్ అంటారు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా మంజూరయ్యే రిటైల్ రుణాలన్నిటికీ ఇది ఇచ్చి తీరాలి. వడ్డీ, రుసుములు, బ్యాంకు ఇతరుల తరఫున వసూలు చేసే బీమా ప్రీమియం, అన్నీ కలిపి ఏడాదికి అసలు ఖర్చు ఎంత శాతమో అందులో ఒక్క అంకెగా చూపాలి. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగులో అడిగే హక్కు మనకుంది. అందులో లేని రుసుమును మన స్పష్టమైన అనుమతి లేకుండా వసూలు చేయకూడదు. వారం, ఆపైన గడువున్న రుణాలకు ఆ పత్రం మీద ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలివ్వాలి.

మూడు రోజులు! షోరూము బల్ల దగ్గర మూడు నిమిషాలు కూడా ఇవ్వరు. కానీ అడిగే హక్కు వచ్చింది. ముహూర్తం ఉంటే అంతకు నాలుగు రోజుల ముందే కేఎఫ్‌ఎస్ వాట్సాప్‌లోనైనా తెప్పించుకోండి. ‘ఇన్సూరెన్స్’ వరుస చూడండి. ఆ అంకె వాహన బీమాదా, అప్పు బీమాదా అడగండి. వద్దనుకుంటే ‘నాకు వద్దు’ అని ఈమెయిల్ పెట్టండి. నోటిమాటకు రేపు సాక్ష్యం ఉండదు.

> ఎక్కడ అడగాలి?
>
> ముందు రుణమిచ్చిన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి 14448.
>
> బీమా కంపెనీ మీదైతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్, ఫోన్ 155255. తెలుగు రాష్ట్రాలకు బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది.
>
> వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల దాకా చెల్లింపులకు సంబంధించిన కేసులకు రుసుము లేదు.

బాకీ లేదన్న కాగితంతో పని అయిపోదు

ఆ రోజు తక్కువ పడిన 33 వేలు నేను సర్దాను. అప్పు తీరింది. అత్తయ్య కౌంటర్లో కుర్రాడి చేతిలో రెండు కాజాలు పెట్టింది. ‘ఆ అబ్బాయేం చేస్తాడు, రాసిన కాయితం తీసిచ్చాడు’ అంది మెట్లు దిగుతూ.

అక్కడి నుంచి చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లోగా ఒరిజినల్ పత్రాలు తిరిగివ్వాలి. సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని 2023లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఎన్‌వోసీ, ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఆర్‌సీ మీద హైపోథికేషన్ తీయించాలి. వాహన బీమా పాలసీలోనూ బ్యాంకు పేరు తీయించాలి. చాలామంది ఈ చివరిది మర్చిపోతారు. కారు పూర్తిగా దెబ్బతిని క్లెయిముకు వెళ్లినప్పుడు, ఎప్పుడో తీరిన అప్పు తాలూకు బ్యాంకు పేరు అడ్డొస్తుంది. రెండు, మూడు నెలలాగి క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా ‘క్లోజ్‌డ్’ అని పడిందో లేదో కూడా చూసుకోవాలి.

బీమా సరెండర్‌కు మావాడు అదే సాయంత్రం వేరే ఉత్తరం రాశాడు. పాలసీ కాపీ ఇమ్మని, వెనక్కి వచ్చే మొత్తం లెక్క చూపించమని. ఇరవై ఆరో రోజున అతని ఖాతాలో 8,640 రూపాయలు పడ్డాయి. ముప్పై రెండు వేలకు, దాని వడ్డీకి అది ఏ మూలకూ చాలదు. ఉత్తరం రాయకపోతే అదీ వచ్చేది కాదు.

ఈ ఆదివారం మీ బీరువాలోని రుణం ఫైలు ఒకసారి బయటికి తీయండి. మంజూరు పత్రంలోనో, స్టేట్‌మెంటులోనో ‘ఇన్సూరెన్స్’, ‘కవర్’, ‘ప్రొటెక్ట్’ లాంటి మాట కనబడితే ఆ పాలసీ కాపీ అడిగి తెప్పించుకోండి. నామినీగా ఎవరి పేరు రాసి ఉందో చూసి, ఆ మనిషిని పిలిచి కాగితం చేతిలో పెట్టండి.